నోట్సులో పుట్టుమచ్చ

మా కాలనీ పార్కులో ఆరు బెంచీలున్నాయి. ఈమధ్య ఆరింటినీ గోడవైపు తిప్పేశారు. ఇప్పుడు అక్కడ కూర్చున్నవాడికి కనబడేవి గోడ, గోడ మీద మూత్ర విసర్జన చేయరాదన్న హెచ్చరిక, ఆ హెచ్చరికను ఎవరూ లెక్కచెయ్యలేదనడానికి ఆధారాలు. మునిసిపాలిటీకి అర్జీ పెట్టాను. గడ్డి మీద పెద్దలు వ్యాయామం చేసుకుంటున్నారనీ, ఎదురుగా ఎవరైనా కూర్చుని చూస్తే వాళ్లకు మొహమాటంగా ఉంటోందనీ, అందుకే తిప్పామనీ జవాబు వచ్చింది. జవాబు మర్యాదగానే ఉంది. గోడను చూస్తూ ఎంతసేపు కూర్చుంటామని ఇది రాయడం మొదలుపెట్టాను.

మేం చేసే పని

ముప్పై ఏళ్లు బడిపిల్లలకు నోట్సులు రాశాను. పంతులుని కాను. ఒక్క రోజు కూడా పాఠం చెప్పలేదు. విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షనుకు కాస్త అవతల, పెళ్లి శుభలేఖలు వేసే ఒక ప్రెస్సు వెనకగదిలో కూర్చుని, ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ప్రశ్నలకు జవాబులు రాయడమే నా ఉద్యోగం. చరిత్రలో ఎమ్మే చేశాను. ఆ సంగతి మా యజమానికి చెబితే, "పరవాలేదు, నేర్చుకుంటావు" అన్నాడు.

ఆయన పేరు అప్పలస్వామి గారు. శుభలేఖల నుంచి నోట్సులకు వచ్చినవాడు కాబట్టి రెండింటికీ పెద్ద తేడా లేదని ఆయన నమ్మకం. రెండింటిలోనూ మాటలు ముందే తెలిసినవి, పేర్లు మాత్రం మారుతాయి. జవాబును ఆయన చదివేవాడు కాదు, స్కేలు పెట్టి కొలిచేవాడు. రెండు మార్కుల జవాబు రెండు అంగుళాలు, నాలుగు మార్కులది నాలుగు అంగుళాలు. అశోకుడు కళింగ యుద్ధం తర్వాత పశ్చాత్తాపపడ్డాడని నేను ఐదంగుళాలు రాస్తే, "ఇంత పడక్కర్లేదు, నాలుక్కి తగ్గించు" అన్నాడు. తగ్గించాను. ఆ ఏడాది నుంచి మన జిల్లా పిల్లల దృష్టిలో అశోకుడు కాస్త తక్కువ బాధపడ్డాడు.

ఈ పనిలోకి వస్తామని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే. మీరు రాసింది ఎవరూ చదవరు, కంఠస్థం చేస్తారు. చదివేవాడు మీ తప్పును పట్టుకుంటాడు. కంఠస్థం చేసేవాడు దాన్ని పెళ్లి చేసుకుంటాడు. ఒకసారి తెలుగు నోట్సులో, చూసిన ప్రదేశం గురించి మిత్రునికి లేఖ అన్న ప్రశ్నకు, నేను మా మామ్మతో శ్రీకూర్మం వెళ్లినట్టూ గుడి బయట ఎడమకాలి చెప్పు పోయినట్టూ ఒక నమూనా లేఖ రాశాను. ఆ ఏడాది పేపర్లు దిద్దిన ఒకాయన తర్వాత నాకు కనబడి, "ఏటండీ, మన జిల్లాలో పిల్లలందరికీ ఎడమకాలి చెప్పే పోనాది?" అని అడిగాడు. ఒక పిల్ల మాత్రం కుడికాలిదని రాసిందట. కాపీ కొట్టలేదని ఆ పిల్లకు ఒక మార్కు ఎక్కువ వేశాడట.

పుట్టుమచ్చ

మా వృత్తిలో బయటివాళ్లకు తెలియని ఆచారం ఒకటుంది. ఒక ప్రెస్సువాడు నోట్సు వేస్తే నెల తిరక్కుండా ఇంకో ప్రెస్సువాడు దాన్ని ఎత్తి అచ్చు వేసుకుంటాడు. అశోకుడు అందరికీ ఒకడే కాబట్టి ఎత్తాడని నిరూపించడం కష్టం. అందుకని ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒకచోట, నిజం కానిది ఒకటి మేమే పెట్టేవాళ్లం. దానికి మా వెనకగదిలో పేరు పుట్టుమచ్చ. అవతలివాడి పుస్తకంలో అదే మచ్చ అదే చోట కనబడితే పిల్ల ఎవరిదో తెలిసిపోతుంది.

పుట్టుమచ్చకు నియమాలున్నాయి. పిల్లలకు నష్టం చెయ్యకూడదు. పరీక్షలో అడగని మూలలో ఉండాలి. అది మచ్చ అని యజమానికీ రాసినవాడికీ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. ఒక ఏడు సైన్సులో ఒక మిడతకు లేని అలవాటు పెట్టాను. ఇంకో ఏడు చరిత్రలో ఒక సామంతరాజు గుర్రానికి పేరు పెట్టాను. శ్రీకాకుళంలో మాకు ఒక పోటీ ప్రెస్సు ఉండేది. రెండుసార్లూ వాళ్లు ఎత్తేశారు. అప్పలస్వామి గారు కేసులు పెట్టే మనిషి కాదు. మచ్చ దొరికినప్పుడల్లా వాళ్లకు మామిడితాండ్ర చుట్ట ఒకటి పంపించి, "మా మచ్చ మీకు బాగా నప్పింది" అని చీటీ పెట్టేవాడు. వాళ్లు తాండ్ర ఉంచుకుని చీటీ వెనక్కి పంపేవాళ్లు.

కూర్మ నడక

కొత్త పాఠ్యపుస్తకాలు, కొత్త పరీక్షా విధానం వచ్చిన రోజులవి. రాష్ట్రం ఒకటో రెండో అట్లాసులు వేసేవాళ్లకు కూడా ఖాయంగా తెలియని రోజులు. వ్యాయామానికి కూడా గ్రేడు ఇస్తారని తెలిసింది. వెంటనే అప్పలస్వామి గారికి ఆలోచన వచ్చింది. తొమ్మిదో తరగతికి సైన్సు, చరిత్ర, తెలుగు, వ్యాయామం నాలుగూ ఒకే పుస్తకం.

"వ్యాయామం ఎవరు రాస్తారండీ?" అన్నాను.

"నువ్వే."

"నేను బస్సు కోసం తప్ప ఎప్పుడూ పరిగెత్తలేదు."

"రాయడానికి పరిగెత్తడమెందుకోయ్? మొన్న గుండె గురించి రాసేవు. డాక్టరువా?"

రాశాను. కబడ్డీ కోర్టు కొలతలు, ఎముకలకు పాలు, ఉదయాన్నే లేవవలెను. ఆ ఏడాది పుట్టుమచ్చలు నాలుగు, సబ్జెక్టుకొకటి. వ్యాయామంలో దేన్ని పెట్టాలో తోచలేదు. ఆ ముందు ఆదివారమే మా ఆవిడతో శ్రీకూర్మం వెళ్లి వచ్చాను. అక్కడ గుడిలో తాబేళ్లను పెంచుతారు. ఒకటి నా కాళ్ల దగ్గరకు వచ్చి, ఆలోచించుకుని, వెనక్కి వెళ్లిపోయింది. సోమవారం నాడు ఇలా రాశాను.

"కూర్మ నడక: నేలపై బోర్లా పరుండి, మోచేతులు, మోకాళ్లు ఆధారముగా తల పైకెత్తి ఏడు అడుగులు ముందుకు, మూడు అడుగులు వెనుకకు కదలవలెను. ఇది ప్రాచీన కళింగ యోధుల వ్యాయామము. ప్రయోజనములు: 1. వెన్నెముక దృఢమగును. 2. జీర్ణశక్తి పెరుగును. 3. సహనము అలవడును."

స్కేలు పెట్టి చూసుకున్నాను. సరిగ్గా నాలుగంగుళాలు. అక్కడే అనుమానపడి ఉండవలసింది.

మా ప్రెస్సులో డీటీపీ చేసేది సుగుణమ్మ. మిషను చర్చి కుటుంబం. ఆదివారం పాటల పుస్తకం తెరవకుండా అన్ని చరణాలూ పాడగల మనిషి. వేగంగా కొట్టేది. కొట్టేది చదివేది కూడా. మా ప్రెస్సులో ఆ రెండో అలవాటు ఇంకెవరికీ లేదు.

"సార్, ఈ తాబేలు నడక ఎవులు సేస్తారు?" అంది తెర మీంచి కళ్లు తియ్యకుండా.

"ప్రాచీన కళింగ యోధులు."

"ఆళ్లు పోనారు కదా. ఇప్పుడెవులు సేస్తన్నారు అంటన్నాను."

"ఎవరూ చెయ్యడం లేదు. అందుకే నోట్సులో పెట్టి కాపాడుతున్నాం."

ఆమె కుర్చీ తిప్పి నా మొహం చూసింది. "మా రూతు తొమ్మిదే సదువుతంది. ఈ పుస్తకం దానికే ఇస్తాను. అది ఇలాటివి అడక్కుండా ఊరుకోదు సార్" అంది.

రూతు ఆవిడ కూతురు. విజయనగరం చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో ఆడపిల్లలు బరువులెత్తడం, ఇంకోచోట ఆడపిల్లలు ముగ్గులెయ్యడం ఎంత మామూలో అంత మామూలు. రూతు ఆరో తరగతి నుంచీ ఊరి జిమ్ములో బరువులెత్తుతోంది. స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తే తిండి, కోచ్, చదువు అన్నీ అక్కడే. సుగుణమ్మ మధ్యాహ్నం క్యారియరు విప్పినప్పుడల్లా ఆ హాస్టలు మాటే. మేం ఆ హాస్టలు చూడలేదు గానీ, అక్కడ వారానికి గుడ్లు ఎన్ని పెడతారో మా ప్రెస్సులో అందరికీ తెలుసు.

నాలుగు మార్కులు

పుస్తకం బజారులోకి వెళ్లిన నెలకే పోటీ ప్రెస్సు పుస్తకం వచ్చింది. అప్పలస్వామి గారు భూతద్దం పెట్టుకుని వెతికాడు. కూర్మ నడక ఉంది. కానీ కాపీ అని తెలియకుండా ఉండటానికి కాబోలు, వాళ్లు దాన్ని ఎనిమిది అడుగులు ముందుకు, నాలుగు వెనక్కి చేశారు. ప్రయోజనాల్లో జ్ఞాపకశక్తి కూడా చేర్చారు. ఆయన తాండ్ర పంపించాడు. మేం నవ్వుకున్నాం. మా నవ్వు మూడు నెలలు సాగింది.

మూడో నెలలో, ఊళ్లో ప్రైవేటు బడులన్నీ కలిసి పెట్టుకున్న ఉమ్మడి పరీక్షలో, వ్యాయామం పేపరు పాతిక మార్కులకు వచ్చింది. అందులో ఆఖరి ప్రశ్న: "కూర్మ నడక చేయు విధానమును, ప్రయోజనములను వివరింపుము. నాలుగు మార్కులు."

పేపరు తయారుచేసినవాడు పాఠ్యపుస్తకం తెరవలేదు. నోట్సు తెరిచాడు. ఇది ఈ వృత్తిలో మీరు రోజూ గుర్తుంచుకోవలసిన సంగతి. పరీక్షలో అడగని మూల అంటూ ఉండదు. పేపరు సెట్ చేసేవాడికి సరిగ్గా నాలుగు అంగుళాలు కావలసి వస్తుంది, మీ మూల నాలుగంగుళాలు ఉంటుంది.

పిల్లలందరూ రాశారు. కొందరు ఏడూ మూడూ అనీ, కొందరు ఎనిమిదీ నాలుగూ అనీ. టీచర్లు కూర్చుని చర్చించి, విజయనగరం సంప్రదాయం, శ్రీకాకుళం సంప్రదాయం అని రెండున్నాయని తేల్చి, ఏది రాసినా పూర్తి మార్కులని నిర్ణయించారు. చరిత్ర చదువుకున్న నాకు, ఒక మతం రెండు శాఖలుగా చీలడానికి మూడు నెలలు చాలునని అప్పుడు తెలిసింది.

రూతు ఇలా రాసింది. సుగుణమ్మ ఆ జవాబు పేపరు నా టేబులు మీద పెట్టింది కాబట్టి మాటలు నాకు గుర్తున్నాయి. "ఇలాంటి వ్యాయామం లేదు. మా కోచ్‌ని అడిగాను, ఆయనకు తెలియదు. నేను ఇంటిదగ్గర చేసి చూశాను. మోచేతులు కొట్టుకుపోయాయి. జీర్ణశక్తి ఎప్పటిలాగే ఉంది."

పక్కన ఎర్ర సిరాతో సున్నా, దాని కింద "అప్రస్తుతం" అని ఉంది.

అంతమంది పిల్లల్లో దాన్ని చేసి చూసింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ నాలుగు మార్కులు పోవడంతో 'ఏ' గ్రేడు రావలసిన చోట 'బీ' గ్రేడు వచ్చింది. హాస్టలు ఫారంలో వ్యాయామ విద్యలో గ్రేడు అని ఒక గడి ఉంది. 'ఏ' కాకపోతే ఫారం చూడరు. ఎంత బరువెత్తగలదని అడిగే గడి రెండో పేజీలో ఉంది. రెండో పేజీ దాకా వెళ్లాలంటే మొదటి పేజీ దాటాలి. ఫారానికి ఆఖరు తేదీ ఇంకా పది రోజులుంది.

"సార్, మీరు లేనిది రాసేరా, ఉన్నది రాసేరా, నాకక్కర్లేదు" అంది సుగుణమ్మ. "ఒక ముక్క కాయితం మీద, అది మేం కల్పించింది అని రాసివ్వండి. బళ్లో ఇస్తే మార్కులేస్తారు. దానికి ఈ ఏడే వయసు సరిపోతాది. పై ఏడు తీసుకోరు."

అప్పలస్వామి గారు అద్దాలు తీశాడు. "అమ్మా సుగుణా, నువ్వడిగింది ఒక్క లైనే. ఆ లైను నాను రాసిస్తే మిగతా మూడొందల పేజీలూ ఎవులు నమ్ముతారు? అబద్దం ఒకటుందంటే పుస్తకం అంతా వెతుకుతారు."

"వెతకనీండి బాబూ. ఉన్నది అదొక్కటే కదా?"

అప్పలస్వామి గారు నన్ను చూశాడు. నేను ఫ్యాను చూశాను. ఆ ఏడాది మచ్చలు నాలుగని మా ఇద్దరికే తెలుసు.

సవరణ

ఆమె వెళ్లాక ఆయన అన్నాడు, "ఏమోయ్ రచయితా, పిల్లకి గ్రేడు రావాలి, మన పుస్తకం పరువు పోకూడదు. ఏదో ఒకటి రాయి. రాయడమే కదా నీ పని."

ఆ సాయంత్రం ఒక సవరణ చీటీ తయారుచేశాను. ముప్పై ఏళ్లలో నా మొత్తం రచనల్లో దానంత తెలివైనది లేదని ఆ పూట అనుకున్నాను. "కూర్మ నడక కింద ఈ వాక్యము చేర్చుకొనవలెను: బరువులెత్తు క్రీడాకారులు ఈ వ్యాయామమును చేయరాదు. వారి భుజబలమునకు ఇది సరిపడదు."

దాన్ని పట్టుకుని రూతు బడికి వెళ్లాను. పేపరు దిద్దింది అక్కడి పీఈటీ సింహాచలం మాస్టారు. మంచివాడు. ఇరవై ఏళ్లు ఆయనకు ఆటస్థలం అంటే సైకిళ్ల స్టాండు. పీరియడు అంటే లెక్కల మాస్టారు రాని రోజు పిల్లలను అరవకుండా కూర్చోబెట్టడం. మొదటిసారి ఆయన సబ్జెక్టుకు ఒక నోట్సు, ఒక పరీక్ష, ఒక గ్రేడు వచ్చాయి. మా పుస్తకం ఆయన టేబులు మీద అట్ట వేసి ఉంది. కూర్మ నడక కింద స్కేలుతో గీత గీసి ఉంది. ఆ గీత చూశాక అసలు సంగతి ఎత్తకుండా చీటీ ఆయన చేతికిచ్చాను.

చీటీ రెండుసార్లు చదివాడు. "మినహాయింపు ఉన్నాదంటే ఇబ్బందే లేదు సార్. ఆ నాలుగూ తీసేసి మిగతా ఇరవయ్యొకటికీ లెక్క కడతాను, 'ఏ' వచ్చేస్తాది. పిల్ల ఒక కాయితం రాసిస్తే సాలు. తెలియక అలా రాసేను అని."

ప్రెస్సుకు తిరిగొచ్చి శుభవార్త చెప్పాను. మర్నాడు బడి వదిలాక రూతు వచ్చింది. నా టేబులు పక్కన స్టూలు మీద కాగితపు రీములు రెండున్నాయి. వాటిని కదపాలంటే మేం కిందినుంచి మనిషిని పిలుస్తాం. ఆ అమ్మాయి ఒక చేత్తో ఎత్తి కింద పెట్టి స్టూలు మీద కూర్చుంది.

"మాస్టారూ, కూర్మ నడక ఉన్నాదా, లేదా?"

"చూడమ్మా, చారిత్రకంగా..."

"ఉన్నాదా, లేదా?"

"లేదు."

"అయితే నాను రాసింది రైటే కదా."

"రైటే."

"రైటు రాసి, తెలియక రాసేనని ఎలా రాసిస్తాను?"

"రాసిస్తే హాస్టలు వస్తుంది కదమ్మా."

"మీరు రాసియ్యండి" అంది. "లేదని. మీకు రాయడం వచ్చు కదా."

సుగుణమ్మ కీబోర్డు చప్పుడు ఆగింది. నేను అన్నాను, "శుక్రవారం మీ బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. అక్కడ అందరి ముందూ చెబుతాను. ఫారానికి శనివారం దాకా టైముంది."

"అందరికీ ఏల? సింహాచలం మాస్టారికి ఒక కాయితం సాలు."

కాగితం మీద రాయవద్దని యజమాని అన్నాడు. మైకు గురించి ఆయన ఏమీ అనలేదు. పైగా అందరి ముందూ ఒప్పుకోవడం ఎక్కువ ధైర్యం అనిపించింది. ఆ సంగతి ఆ అమ్మాయికి కాస్త విడమరిచి కూడా చెప్పాను. విని, రీములు మళ్లీ స్టూలు మీద పెట్టి వెళ్లిపోయింది.

మైకు

వార్షికోత్సవంలో ముఖ్య అంశం కూర్మ నడక పోటీ అని అక్కడికి వెళ్లాక తెలిసింది. సైకిళ్ల స్టాండు ఖాళీ చేయించి, మట్టి చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. "ప్రాచీన కళింగ యోధుల వ్యాయామ వైభవం" అని బ్యానరు. నలభైమంది పిల్లలు వీపుకు రంగు వేసిన అట్టముక్కల చిప్పలు కట్టుకుని బోర్లా పడుకున్నారు. సింహాచలం మాస్టారు తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మెడలో విజిలుతో ఉన్నాడు. ఆయనను చూడటానికి ఆయన భార్య, అత్తగారు కూడా వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు.

విజిలు ఊదాడు. నలభైమందీ ఏడడుగులు ముందుకు పాకి, మూడడుగులు వెనక్కి వచ్చారు. వెనక్కి రావడంలో చిప్పలు చిప్పలు కొట్టుకుని కొందరు తిరగబడ్డారు. తిరగబడ్డవాళ్లు లేవలేదు. తాబేలు తిరగబడితే లేవదని ఎవరో వాళ్లకు చెప్పారు. ఇంకెవరో వచ్చి తిప్పాలి. ఆటలో అంత క్రమశిక్షణ నేను ఎక్కడా చూడలేదు.

రూతు పోటీలో లేదు. గోడవారగా నిలబడి నన్ను చూస్తోంది. నా పక్క కుర్చీలో అప్పలస్వామి గారు, ఆయన పక్కన ముఖ్య అతిథిగా వచ్చిన ఒక పెద్ద అధికారి కూర్చున్నారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఆ రోజు నేను నిజం చెప్పాను. మాటలు ముందే రాసుకుని తెచ్చుకున్నాను. "ఈ కూర్మ నడక ప్రాచీనమైనది కాదు. కళింగ యోధులకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఒక ఆదివారం శ్రీకూర్మంలో తాబేలును చూసి, సోమవారం మా ప్రెస్సు గదిలో కుర్చీలో కూర్చుని నేనే కల్పించాను. నాకు ముందు దీన్ని ఎవరూ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు."

అధికారి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన లేవడంతో అందరూ లేచారు. ఇంతటి వ్యాయామాన్ని సృష్టించి, ఆ గొప్పతనాన్ని ఇన్నాళ్లూ మన పూర్వులకు కట్టబెట్టిన ఈ నిరాడంబరుడు మన విజయనగరం వాడే కావడం మన అదృష్టం అన్నాడు. మోకాళ్ల దాకా వేలాడే బంతిపూల దండ ఒకటి ఆయన కోసం తెప్పించారు. ఆయన దాన్ని తీసి నా మెడలో వేశాడు. సింహాచలం మాస్టారు కళ్లు తుడుచుకున్నాడు.

"అలా కాదండీ, ఇది అబద్ధం" అని మైకులో అనబోయాను. మైకు అప్పటికే రెండో రౌండు ప్రకటించేవాడి చేతికి వెళ్లిపోయింది. అప్పలస్వామి గారు నా చెవి దగ్గరకు వంగాడు. "బాగా సెప్పేవోయ్. కనిపెట్టింది మనమేనని తేలిపోనాది, ఇంక శ్రీకాకుళం వాళ్లు నోరెత్తలేరు."

కిందికి దిగాక సింహాచలం మాస్టారి చెయ్యి పట్టుకుని, రూతు జవాబు సంగతి ఎత్తాను.

"అదే సార్ నానూ సెప్దామనుకున్నాను" అన్నాడు. "నిజం సెప్తన్నాను, లోపల నాకూ చిన్న అనుమానం ఉండేది. ఇప్పుడు తీరిపోనాది. కనిపెట్టిన మనిషి ఎదురుగా ఉండగా, ఇలాంటి వ్యాయామం లేదంటే తప్పే కదా?"

"అప్పటికి లేదు కదండీ మాస్టారూ. ఆ పిల్ల రాసినప్పుడు ఎవరూ చెయ్యలేదు."

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. "మీ నోట్సు పరీక్షకి ముందే అచ్చయింది కదా సార్?"

ముందే అయింది. నేను ఇంకేదో అనేలోపు ఫోటోకు పిలిచారు. దండ తీసి పక్కన పెడదామనుకున్నాను. పిల్లలు చిప్పలతో సహా నా చుట్టూ చేరారు, ఆ సమయంలో తియ్యడం బాగుండదనిపించింది. ఫోటో బాగానే వచ్చింది. మూలన, గోడ దగ్గర, రూతు సగం కనబడుతుంది.

శనివారం గడిచింది. ఫారం 'బీ' గ్రేడుతోనే వెళ్లింది. రెండో పేజీ ఎవరూ తిప్పలేదు.

మిగిలింది

మరుసటి ఏడాది పుస్తకంలోంచి కూర్మ నడక తీసేశాను. బడుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. సిలబస్ తగ్గించారేమని ఒకాయన, మన సంస్కృతి మీద ఎవరికి అంత కోపమని ఇంకొకాయన రాశారు. అప్పలస్వామి గారు మళ్లీ పెట్టించాడు. మిడత, గుర్రం కూడా ఇప్పటికీ ఎక్కడో ఒక నోట్సులో బతికే ఉన్నాయి. నోట్సుల కాలం పోయి అందరూ ఫోనుల్లో చదవడం మొదలుపెట్టాక మా ప్రెస్సు తిరిగి శుభలేఖలకు వెళ్లిపోయింది. నేను ఇంటికి వచ్చాను.

కొత్తగా వచ్చేవాళ్లు సలహా అడిగితే, పుట్టుమచ్చలు పెట్టవద్దని చెప్పను. పెట్టకపోతే దొంగలు బతకనివ్వరు. ప్రెస్సులో ఒక మనిషి "ఇది ఎవరు చేస్తారు?" అని అడిగితే మాత్రం అచ్చు ఆపండి. అలా అడిగే మనిషి దొరకడమే కష్టం. మాకు దొరికింది. నేను ఆమెకు కళింగ యోధుల గురించి చెప్పాను.

మా పార్కులో ఉదయం పూట గడ్డి మీద పెద్దలు పదిమంది బోర్లా పడుకుని, తలలెత్తి, ఏడడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కి పాకుతారు. ఇద్దరు మాత్రం కుళాయి పక్కన విడిగా ఎనిమిదీ నాలుగూ చేస్తారు. వాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. రెండు వర్గాలకూ మాటల్లేవు. కనిపెట్టింది నేనేనని వాళ్లకు తెలియదు. తెలిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను కాబట్టి, బెంచీ తిప్పినందుకు మునిసిపాలిటీ మీద నా కోపం పైకి కనబడేంత లేదు.

ప్రూఫు

ఇదంతా సుగుణమ్మే కొట్టింది. ఇప్పుడు ఇంటిదగ్గరే డీటీపీ చేస్తోంది. ప్రూఫు కోసం ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు. రూతు కూడా ఉంది. ఊళ్లో ఒక జిమ్ములో ట్రైనరుగా చేస్తోంది. సన్నబడటానికి వచ్చే ఆడవాళ్లలో ఎవరో ఒకరు కూర్మ నడక నేర్పమంటారట. నేర్పదట. ఇప్పటికీ తన బరువులు తను ఎత్తుకుంటుంది. ఎవరూ రాసుకోరు.

"సార్ రాసేరు, సదువు" అని సుగుణమ్మ కాగితాలు కూతురి చేతికిచ్చింది. రూతు నిలబడే చదివింది. మొదటినుంచి చివరిదాకా, ఒక్క పేజీ వదలకుండా. మధ్యలో ఒకచోట నవ్వింది. చిప్పలు తిరగబడ్డ చోటనుకుంటాను.

"రీములు రెండు కాదు మాస్టారూ, మూడు" అంది.

"దిద్దుతానమ్మా. ఇంకేమైనా తప్పుందా?"

ఆ అమ్మాయి పేజీలు వెనక్కి తిప్పి, మైకు అన్న చోట ఆగి, ఒక వాక్యం మీద వేలు పెట్టింది. ఆ రోజు నేను నిజం చెప్పాను అన్న వాక్యం అది.

"మా అమ్మ ఒక ముక్క కాయితం అడిగింది" అంది. "మీరు దండ ఎయ్యించుకున్నారు."